మన మెయిల్ సర్వర్ మనమే – 6వ పాఠం: వైరస్‌ను గుమ్మంలోనే నిలపడం

పోయిన పాఠం చివర ఒక పని అప్పగించాను: సర్వర్‌తో నేరుగా టైపు చేసి మాట్లాడే టెల్‌నెట్‌తో, మెయిల్ వచ్చే 25వ పోర్టుకు వెళ్లి, ఒక మెయిల్‌ను చేత్తో పంపి చూడమని. చేసినవారికి చివరి ఘట్టం గుర్తుండే ఉంటుంది. ఉత్తరమంతా రాశాక ఖాళీ వరుసలో ఒంటి చుక్క పెట్టి ఎంటర్ నొక్కుతాం. అరక్షణం మౌనం. తరువాత సర్వర్ 250 అంటుంది. ఈ పాఠమంతా ఆ అరక్షణంలోనే జరుగుతుంది.

250 అంటే ‘అందింది, ఇక పూచీ నాది’ అని అర్థం. రిజిస్టర్డ్ కవరు మీద సంతకం పెట్టామా, ఆ కవరు మనదే. లోపల ఏముందో తరువాత తెలిసినా పోస్ట్‌మన్‌ను వెనక్కి పిలవలేం. మెయిల్ కూడా అంతే. అందుకే వైరస్ సోదా సంతకానికి ముందే జరగాలి.

ఇది తెలియక ఒకప్పుడు ప్రపంచమంతా ఇబ్బంది పడింది. 2003 ఆగస్టులో సోబిగ్-ఎఫ్, 2004 జనవరిలో మైడూమ్ అనే పురుగులు (తమంతట తామే మెయిల్ ద్వారా పాకే వైరస్‌లు) వ్యాపించినప్పుడు, అవి పంపినవారి చిరునామా ఉండేచోట దొంగిలించిన వేరొకరి చిరునామా పెట్టేవి. చాలా సర్వర్లు ముందు 250 చెప్పేసి, ఆనక సోదా చేసి, ‘మీరు మాకు వైరస్ పంపారు’ అంటూ ఆ చిరునామాకు ఉత్తరం రాసేవి. అది ఏ పాపమూ ఎరుగని మనిషికి చేరేది. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. ఈ తిరుగుటపాకు బ్యాక్‌స్కాటర్ అనే పేరు స్థిరపడింది. అలాంటివి పంపే సర్వర్లను బ్లాక్‌లిస్టుల్లో పెట్టేవారు ఇప్పటికీ ఉన్నారు.

చుక్కకు, 250కి మధ్య మెయిల్‌ను మరో ప్రోగ్రామ్‌కు చూపించే ఏర్పాటు పేరు మిల్టర్. పుట్టింది సెండ్‌మెయిల్ అనే పాత మెయిల్ సర్వర్ ప్రోగ్రామ్‌లో, మనం వాడే మెయిల్ సర్వర్ ప్రోగ్రామ్ పోస్ట్‌ఫిక్స్ 2006లో వచ్చిన 2.3 వెర్షన్ నుంచి దీన్ని అందుకుంది. మెయిల్‌ను సోదాకు పంపే అమావిస్ అనే మరో ప్రోగ్రామ్‌ను పెట్టి, 10024వ పోర్టుకు మెయిల్ పంపి 10025లో తిరిగి తీసుకోమని చెప్పే పాత పాఠాలు మీకు కనిపించవచ్చు. ఆ పద్ధతిలో సోదా సాధారణంగా సంతకం అయ్యాకే జరుగుతుంది. పెద్ద సంస్థలకు దానివల్ల లాభాలున్నాయి. మనలాంటి చిన్న సర్వర్‌కు మిల్టర్ చాలు.

మన సోదాకు వాడేది క్లామ్‌ఏవీ అనే ఉచిత యాంటీవైరస్. డెబియన్ లినక్స్‌లో దాని మూడు ప్యాకేజీలు వేసుకోండి: క్లామ్‌ఏవీ-డెమన్, క్లామ్‌ఏవీ-ఫ్రెష్‌క్లామ్, క్లామ్‌ఏవీ-మిల్టర్. సోదా చేసేది మొదటిది, వైరస్ గుర్తుల జాబితాను తాజాగా ఉంచేది రెండోది, పోస్ట్‌ఫిక్స్‌కు మొదటిదానికి మధ్య దుబాసీ మూడోది. ముందు మెమరీ సంగతి చూసుకోండి. గుర్తుల జాబితాకే సుమారు ఒక జీబీ పోతుంది. కొత్త జాబితా ఎక్కించేటప్పుడు పాతదీ కొత్తదీ కాసేపు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఆ కాసేపు రెట్టింపు కావాలి. ఒక జీబీ అద్దె సర్వర్‌లో ఇది నడవదు. పగలంతా బాగానే ఉండి, ఏ అర్ధరాత్రో జాబితా మారే వేళకు మెమరీ చాలక లినక్స్ కెర్నెల్ సోదా ప్రోగ్రామ్‌ను చంపేస్తుంది. నాలుగు జీబీ ఉంటే నిశ్చింత.

ఇక సెట్టింగులు. పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, ఫైలులో ఇంగ్లీషులోనే ఉంటాయి. క్లామ్‌ఏవీ-మిల్టర్ ఫైలులో ‘మిల్టర్‌సాకెట్’ దగ్గర 127.0.0.1 చిరునామా, 7357 పోర్టు ఇవ్వండి. పోర్టుకు బదులు ఫైలు సాకెట్ కూడా వాడవచ్చు. కానీ పోస్ట్‌ఫిక్స్ తన సొంత గదిలో, అంటే క్రూట్‌లో నడుస్తుంటే బయటి సాకెట్ దానికి కనబడదు. మొదటిసారి చేసేవారి సాయంత్రాలు ఎన్నో అక్కడే కరిగిపోయాయి. తరువాత పోస్ట్‌ఫిక్స్ మెయిన్.సీఎఫ్ ఫైలులో ‘ఎస్‌ఎమ్‌టీపీడీ మిల్టర్స్’ అనే వరుసలో అదే చిరునామా, అదే పోర్టు రాసి రీలోడ్ చేయండి. అతుకు పడింది.

అసలు ఆలోచించవలసినవి రెండే వరుసలు.

ఒకటి ‘ఆన్‌ఇన్‌ఫెక్టెడ్’: వైరస్ దొరికితే ఏం చేయాలి? ఏమీ రాయకపోతే క్వారంటైన్, అంటే మెయిల్ పోస్ట్‌ఫిక్స్ హోల్డ్ వరుసలో, మనం వదిలేదాకా, కూర్చుంటుంది. వినడానికి జాగ్రత్తగానే ఉంది. ఒకప్పుడు నేను పనిచేసిన చోట అలాగే ఉంచాను. ఒకరోజు వేరే కారణంతో మంచి మెయిళ్లు కొన్ని అదే వరుసలో చిక్కుకున్నాయి. ఫోన్లు మోగుతున్నాయి. కంగారులో హోల్డ్‌లో ఉన్నవన్నీ వదిలేయమని ఒకే ఆదేశం ఇచ్చాను. మూడు నెలలుగా పోగైన వైరస్ మెయిళ్లు కూడా వాటితోపాటు బయలుదేరి, ఎవరివి వారికి చక్కగా చేరాయి. అప్పటి నుంచి నా సర్వర్లలో ఈ వరుసలో ఉండే మాట ‘రిజెక్ట్’. అప్పుడు సర్వర్ 250కి బదులు 550, అంటే ‘తీసుకోను’, చెబుతుంది. పంపింది పురుగే అయితే అక్కడితో పోతుంది. నిజమైన మనిషి పొరపాటున పంపి ఉంటే, ఆయన సర్వరే ఆయనకు చెబుతుంది. మనం ఎవరికీ ఉత్తరం రాయనక్కరలేదు.

అయితే మీకు రెండో ఎమ్‌ఎక్స్ సర్వర్, అంటే మీ పేరిట మెయిల్ అందుకునే మరో సర్వర్, ఉంటే దాని మీద కూడా ఇదే సోదా ఉండాలి. లేకపోతే అది సంతకం పెట్టేస్తుంది, మొదటిది తిప్పికొడుతుంది, మధ్యలో చిక్కిన రెండోది ఆ దొంగ చిరునామాకు తిరుగుటపా రాస్తుంది. ఏది వద్దనుకున్నామో అదే జరుగుతుంది.

రెండోది ‘ఆన్‌ఫెయిల్’: సోదా చేసేవాడే పడిపోతే? దీన్ని ‘డిఫర్’గానే ఉంచండి. సర్వర్ 451, అంటే ‘ఇప్పుడు కాదు, తరువాత రా’, అంటుంది; అవతలి సర్వర్ మెయిల్‌ను తన దగ్గరే ఉంచుకుని మళ్లీ ప్రయత్నిస్తుంది. పోస్ట్‌ఫిక్స్ అయితే మామూలుగా ఐదు రోజుల దాకా ఓపిక పడుతుంది. మెయిల్ ఆలస్యమవుతుంది కానీ పోదు. ‘యాక్సెప్ట్’ అని పెడితే కాపలా పడిపోయిన సంగతి ఎవరికీ తెలియదు, అదీ దానితో వచ్చే చిక్కు. దుబాసీయే పడిపోతే ఏం చేయాలో చెప్పడానికి పోస్ట్‌ఫిక్స్‌లో ‘మిల్టర్ డిఫాల్ట్ యాక్షన్’ అనే వరుస ఉంది, అది ముందే ‘టెంప్‌ఫెయిల్’గా ఉంటుంది. ముట్టుకోకండి.

పరీక్షకు నిజం వైరస్ అక్కరలేదు. ఐకార్ అనే 68 అక్షరాల వరుస ఒకటుంది. హానిలేనిది, కానీ యాంటీవైరస్‌లన్నీ దాన్ని వైరస్‌గా గుర్తించాలన్నది ఒప్పందం. దాన్ని ఫైలుగా దాచి అటాచ్ చేసి పంపండి. ఇంటి విండోస్ కంప్యూటర్‌లో దాస్తే అక్కడి యాంటీవైరస్ మీకన్నా ముందే మింగేస్తుంది, లినక్స్‌లో చేయండి. సర్వర్‌లోనే కూర్చుని మెయిల్ ఆదేశంతో పంపకండి. ఆ మెయిల్ 25వ పోర్టు గుమ్మం తొక్కదు, కాబట్టి సోదా లేకుండానే చేరిపోయి మిమ్మల్ని భయపెడుతుంది. బయటి నుంచి పంపితే లాగ్‌లో ‘మిల్టర్-రిజెక్ట్: ఎండ్-ఆఫ్-మెసేజ్’ అనే వరుస, దాని పక్కన 5.7.1 అనే తిరస్కరణ సంకేతం కనబడాలి. ఎండ్-ఆఫ్-మెసేజ్ అంటే మన ఒంటి చుక్కే.

పరిమాణం కూడా చూడండి. 25 ఎంబీ దాటిన మెయిల్‌ను ఈ మిల్టర్ మామూలుగా చూడదు, దాటనిస్తుంది. పోస్ట్‌ఫిక్స్ సొంత పరిమితి సుమారు 10 ఎంబీయే కాబట్టి మొదట్లో సమస్య లేదు. ఎవరో అడిగారని దాన్ని 50కి పెంచిన రోజే కంచెలో కంత పడుతుంది. పెంచితే రెండు చోట్లా పెంచండి, క్లామ్‌ఏవీ-డెమన్‌లోని ‘స్ట్రీమ్‌మ్యాక్స్‌లెంత్’ కూడా అందుకు సరిపోవాలి.

పాస్‌వర్డ్ పెట్టిన జిప్ లోపలికి సోదా మామూలుగా పోలేదు. 2004లో బేగిల్ పురుగు ఈ ఎత్తే వేసింది: జిప్‌కు తాళం, తాళంచెవి ఉత్తరంలోనే. ‘అలర్ట్‌ఎన్‌క్రిప్టెడ్’ పెడితే అలాంటివన్నీ ఆగుతాయి, కానీ బ్యాంకులు, ఆడిటర్లు పంపే తాళం ఫైళ్లు కూడా ఆగవచ్చు. మీ ఇంటి సంగతి మీకే తెలుసు, నిర్ణయం మీది.

ఈసారి అభ్యాసం: క్లామ్‌ఏవీ-డెమన్ సర్వీసును కావాలనే ఆపండి. అదే పేరుతో ఉన్న సాకెట్ యూనిట్‌ను కూడా ఆపాలి, లేకపోతే అది మళ్లీ లేచి కూర్చుంటుంది. బయటి నుంచి మామూలు మెయిల్ ఒకటి పంపి, లాగ్‌లో 451 వచ్చిందో లేదో చూడండి. తరువాత రెంటినీ లేపి, ఆ మెయిల్ ఎన్ని నిమిషాలకు తనంతట తాను చేరిందో రాసిపెట్టుకోండి. ఆ అంకె వచ్చే పాఠంలో, గ్రేలిస్టింగ్ (కొత్తవారి మెయిల్‌ను మొదటిసారి కావాలనే ‘తరువాత రా’ అని తిప్పిపంపే పద్ధతి) దగ్గర, పనికొస్తుంది.