చెస్‌లో నల్లపావులతో ఆడేటప్పుడు ‘ఫ్రైడ్ లివర్’ దాడి నుంచి తప్పించుకోవడం ఎలా?

ముందు ఆ దాడి వస్తోందని గుర్తుపట్టాలి. తెల్లబంటు ఈ4కి, మీ బంటు ఈ5కి వచ్చాక తెల్లగుర్రం ఎఫ్3కి, మీ గుర్రం సీ6కి, తెల్ల బిషప్, అదే మన ఒంటె, సీ4కి వస్తాయి. మీరు రెండో గుర్రాన్ని ఎఫ్6లో పెట్టగానే అవతలివాళ్ల గుర్రం జీ5లోకి దూకుతుంది. ఇక గుర్రం, ఒంటె రెండూ ఎఫ్7 బంటు మీదే కన్నేసి ఉంటాయి, దానికి కాపలా మీ రాజు ఒక్కడే.

ఒంటె దారికి అడ్డంగా బంటును డీ5కి తోయండి. తెల్లబంటు దాన్ని కొడుతుంది.

ఇక్కడ మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని ఆలోచించండి. పోయిన బంటుకు బదులుగా గుర్రంతో కొట్టాలనిపిస్తుంది, కొట్టారో తెల్లగుర్రం ఎఫ్7లో బలికి దిగి మీ మంత్రినీ ఏనుగునీ ఒకేసారి బెదిరిస్తుంది, దాన్ని రాజుతో కొడితే తెల్లమంత్రి ఎఫ్3కి వచ్చి చెక్ చెబుతూనే డీ5లోని మీ గుర్రం మీద కూడా పడుతుంది. గుర్రం దక్కాలంటే రాజు ఈ6కి, బోర్డు నడిబొడ్డుకి రావాలి. కంప్యూటర్ అక్కడ కూడా కాచుకోగలదేమో గానీ, గడియారం పరుగెడుతుంటే మనకు టెన్షనే. పైగా టోర్నమెంట్‌లో టచ్ మూవ్ రూల్ ఉంటుంది కదా, అలవాటుగా ఆ డీ5 బంటును ముట్టుకుంటే కొట్టి తీరాలి.

కాబట్టి గుర్రాన్ని సీ6 నుంచి ఏ5కి జరిపి ఒంటె మీద దాడి చేయండి. ఒంటె బీ5 నుంచి చెక్ ఇస్తుంది, సీ6 బంటు అడ్డం పెట్టండి, వాళ్లు కొడితే బీ బంటుతో తిరిగి కొట్టండి. మీకు ఒక బంటు తక్కువే, అయినా కంగారొద్దు. ఒంటె వెనక్కి, సాధారణంగా ఈ2కి, పోతుంది, హెచ్6 బంటుతో గుర్రాన్ని తరమండి, అది ఎఫ్3కి వస్తే ఈ4 బంటుతో మళ్లీ తరమండి. వాళ్ల పావులు పరుగులు పెడుతుండగా మీరు ఒంటెను డీ6కి తెచ్చి క్యాస్లింగ్ చేసుకోవచ్చు, అంటే రాజును ఏనుగు చాటున దాచుకోవచ్చు. మంత్రుల మార్పిడికి మాత్రం తొందరపడకండి, దాడి చల్లారితే ఆ ఒక్క బంటు లోటే మిగులుతుంది.

జీ5 గుర్రాన్ని చేతకానివాడి ఎత్తు అని జర్మన్ మాస్టర్ టారాష్ తీసిపారేశాడు గానీ నేను ఒప్పుకోను. 1963లో గ్రాండ్‌మాస్టర్ బిస్గయర్ మీద అమెరికన్ ఆటగాడు బాబీ ఫిషర్ ఇదే ఆడి, తరిమిన గుర్రాన్ని హెచ్3 మూలకు పంపి మరీ గెలిచాడు.

ఇంత గుర్తుపెట్టుకోవడం కష్టమనిపిస్తే, మూడో ఎత్తులో ఎఫ్6 గుర్రం బదులు మీ ఒంటెను సీ5కి తీయండి. అప్పుడు తెల్లగుర్రం జీ5కి వస్తే మీ మంత్రి దాన్ని ఊరికే కొట్టేస్తుంది.