ఆకృతుల వర్గీకరణ: ఒక విడతకు ఒకే ప్రశ్న

బల్ల మీద పాతిక అట్టముక్కలు పరచి, వీటిని గుంపులుగా విడదీయమని అడిగితే చాలామంది ఆలోచించకుండానే చేయి చాపుతారు. ఎర్రవన్నీ ఒకవైపు చేరుతాయి, త్రిభుజాలన్నీ మరొకవైపు చేరుతాయి, ఆ తరువాత ఎర్రని త్రిభుజం ఒకటి చేతికి రాగానే పని ఆగిపోతుంది. ‘ఎరుపు’ అనేది రంగేమిటన్న ప్రశ్నకు జవాబు, ‘త్రిభుజం’ అనేది రూపమేమిటన్న ప్రశ్నకు జవాబు. వేర్వేరు ప్రశ్నల జవాబులను పక్కపక్కన గుంపుల పేర్లుగా పెట్టినందువల్ల ఆ చిక్కు వచ్చింది. కాబట్టి ఒక విడతకు ఒకే ప్రశ్న వేసుకుని, ప్రతి ముక్కనూ ఆ ప్రశ్నకు అది ఇచ్చే జవాబును బట్టి మాత్రమే ఒక గుంపులో ఉంచాలి.

ముక్కలను కదపక ముందు వాటిలో ఏయే లక్షణాలు మారుతున్నాయో కాగితం మీద రాసుకోవడం మంచిది. లక్షణాలు మూడు రకాలు. మొదటి రకం ఆకృతికే చెందినవి: భుజాలెన్ని, అంచులు సరళరేఖలా వక్రరేఖలా, కోణాలెలాంటివి, పటం సంవృతమా (అంచు అంతా మూసుకుని ఉందా) వివృతమా (ఎక్కడైనా తెరిచి ఉందా) అన్నవి. రెండవ రకం పైపూతకు సంబంధించినవి: రంగు, గీతలు, చుక్కలు, లోపల నింపి ఉందా ఖాళీగా ఉందా అన్నవి. మూడవ రకం ఉంచిన తీరుకు సంబంధించినవి: ఎటు తిరిగి ఉంది, ఏ మూలన ఉంది అన్నవి. ఎక్కువ పొరపాట్లు ఈ మూడవ రకాన్ని మొదటిదానితో కలిపివేయడం వల్లనే జరుగుతాయి. చతురస్రాన్ని మూల మీద నిలబెడితే కంటికి అది వేరే ఆకృతిలా కనిపిస్తుంది గానీ, దాని భుజాలూ కోణాలూ ఏమీ మారలేదు. అనుమానం వచ్చినప్పుడు ముక్కను చేత్తో తిప్పి చూడాలి; తిప్పితే పోయే తేడా ఆకృతిలోని తేడా కాదు.

ఒకే కుప్ప ఎన్ని విధాలుగా విడిపోగలదో చూపడానికి గణిత విద్యావేత్త జోల్తాన్ డీనెష్ పేరుతో ప్రసిద్ధమైన తర్కపు దిమ్మెలు చక్కని సాధనం. ఆ పెట్టెలో వృత్తం, త్రిభుజం, చతురస్రం, దీర్ఘచతురస్రం అనే 4 రూపాలు, 3 రంగులు, 2 పరిమాణాలు, 2 మందాలు ఉంటాయి కనుక మొత్తం దిమ్మెలు 48. రూపాన్ని బట్టి విడదీస్తే 12 చొప్పున నాలుగు గుంపులు, రంగును బట్టి అయితే 16 చొప్పున మూడు, మందాన్ని బట్టి అయితే 24 చొప్పున రెండు వస్తాయి. ఇవన్నీ సరైనవే. ఒక విడత ముగిశాక అదే గుంపులో రెండవ ప్రశ్న వేసి మళ్లీ విడదీయవచ్చు. అప్పుడు ఎర్రని త్రిభుజానికి రంగు గుంపు లోపల రూపపు గుంపులో నిశ్చింతగా చోటు దొరుకుతుంది. రెండు లక్షణాలను ఒకేసారి చూపాలనుకుంటే, ఒకదానినొకటి ఖండించుకునే రెండు వలయాలు గీసి, ఎర్రవాటిని ఒక వలయంలో, త్రిభుజాలను మరొక వలయంలో ఉంచి, రెండూ అయినవాటిని ఉమ్మడి భాగంలో పెట్టాలి. జాన్ వెన్ 1880లో ప్రతిపాదించిన ఈ చిత్రాలలో రెండూ కానివాటికి వలయాల బయట చోటుంటుందన్న సంగతి చాలామంది మరచిపోతారు.

గుంపుకు పెట్టే నియమం తేల్చి చెప్పగలిగేదై ఉండాలి. ‘పెద్దవి’, ‘సన్ననివి’, ‘ఏటవాలుగా ఉన్నవి’ వంటి మాటలు మధ్యరకం ముక్క ఎదురుపడేదాకా బాగానే పనిచేస్తాయి. ఒక నమూనా ముక్కను పక్కన పెట్టుకుని ‘దీనికంటే పొడవైనవి’ అని నియమం రాసుకుంటే ఆ తగవు తీరుతుంది. అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్నలైతే ఇంకా మేలు, ఎందుకంటే ఏ ముక్కా రెండు గుంపులలో పడదు, ఏదీ మిగిలిపోదు.

చతుర్భుజాల దగ్గర మాత్రం కొంచెం ఆగవలసి ఉంటుంది, ఎందుకంటే అక్కడ పేర్లే మనల్ని తికమక పెడతాయి. చతురస్రాన్ని దీర్ఘచతురస్రాల గుంపులో వేయాలా వద్దా అన్నది పాత వాదం. యూక్లిడ్ తన ‘ఎలిమెంట్స్’ మొదటి భాగంలోని 22వ నిర్వచనంలో వాటిని విడివిడిగానే ఉంచాడు: భుజాలన్నీ సమానమై, కోణాలన్నీ లంబకోణాలైనది చతురస్రం, లంబకోణాలుండి భుజాలన్నీ సమానం కానిది దీర్ఘచతురస్రం, భుజాలన్నీ సమానమై లంబకోణాలు లేనిది రాంబస్. నేటి పాఠ్యపుస్తకాలు దీనికి భిన్నంగా, నాలుగు లంబకోణాలున్న చతుర్భుజమంతా దీర్ఘచతురస్రమేనని, చతురస్రం అందులో ఒక ప్రత్యేక రకమని చెబుతాయి. రుజువులకు ఈ రెండవ పద్ధతే అనుకూలం. దీర్ఘచతురస్రపు కర్ణాలు సమానమని ఒకసారి నిరూపిస్తే చతురస్రానికి మళ్లీ నిరూపించనక్కరలేదు. ముక్కలను పళ్లేలలో విడివిడిగా ఉంచవలసి వచ్చినప్పుడు మాత్రం నాకు యూక్లిడ్ పద్ధతే సుఖమనిపిస్తుంది.

ఏ పద్ధతిని ఎంచుకున్నా, పేర్లను పక్కనపెట్టి రెండు ప్రశ్నలతో పని మొదలుపెట్టవచ్చు. నాలుగు భుజాలూ సమానమా? నాలుగు కోణాలూ లంబకోణాలా? రెండింటికీ అవునంటే చతురస్రం, మొదటిదానికే అవునంటే రాంబస్, రెండవదానికే అవునంటే చతురస్రం కాని దీర్ఘచతురస్రం, రెండింటికీ కాదంటే మిగిలినవి. ఆ మిగిలిన కుప్పలో సమాంతర చతుర్భుజాలు, ట్రెపీజియాలు, గాలిపటం ఆకారాలు కలిసి ఉంటాయి కాబట్టి, సమాంతర భుజాల జతలెన్ని ఉన్నాయన్న మూడవ ప్రశ్నతో దానిని మళ్లీ విడదీయాలి: రెండు జతలు, ఒక జత, ఒక్కటీ లేనివి. గాలిపటం ఆకారాలు ఈ చివరి వరుసలోకి వస్తాయి. కొలవకుండా కంటిచూపుతో తేల్చడం ఇక్కడ ప్రమాదం. 88 డిగ్రీల కోణం లంబకోణంలాగే కనిపిస్తుంది; మందపాటి కాగితం మూలను అక్కడ ఆనించి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

సౌష్ఠవం విషయంలోనూ కన్ను ఇలాగే మోసపోతుంది. చతురస్రం కాని దీర్ఘచతురస్రానికి కర్ణం కూడా సౌష్ఠవ రేఖే, అంటే దాని వెంట మడిస్తే రెండు సగాలూ సరిగ్గా కలుస్తాయి, అని చాలామంది నమ్ముతారు, ఎందుకంటే కర్ణం దానిని రెండు సమాన త్రిభుజాలుగా విడదీస్తుంది. కాగితాన్ని ఆ కర్ణం వెంట మడిచి చూస్తే మూలలు ఒకదానిపై ఒకటి పడవు. అలాంటి దీర్ఘచతురస్రపు సౌష్ఠవ రేఖలు ఎదుటి భుజాల మధ్యబిందువులను కలిపే ఆ రెండు రేఖలే. రాంబస్ కాని, లంబకోణాలు లేని సమాంతర చతుర్భుజానికి మడతకు లొంగే రేఖ ఒక్కటి కూడా లేదు, కానీ దానిని 180 డిగ్రీలు తిప్పితే తనపై తాను సరిగ్గా సరిపోతుంది. కాబట్టి ‘సౌష్ఠవం ఉందా’ అని ఒకే ప్రశ్న అడగకుండా, మడత పరీక్షను ఒక విడతలోనూ తిప్పే పరీక్షను మరొక విడతలోనూ చేయాలి. రెండవదానికి పలుచని కాగితంపై పటం నకలు గీసుకుని, మధ్యన పిన్ను గుచ్చి తిప్పడం సులువైన మార్గం.

పొడవులూ కోణాలూ అసలు లెక్కలోకి రాని లక్షణాలు కూడా ఉన్నాయి. 0 నుండి 9 వరకు అంకెలను మూసి ఉన్న ఖాళీలను బట్టి విడదీస్తే 8కి రెండు ఖాళీలు, 0, 6, 9లకు ఒక్కొక్కటి, 1, 2, 3, 5, 7లకు ఒక్కటీ ఉండదు. 4 మాత్రం దాని తల మూసి రాశారా తెరిచి రాశారా అన్నదానిని బట్టి గుంపు మారుతుంది. లోపలికి నొక్కుకున్నట్టుండే పుటాకార బహుభుజులను గుర్తించడం కూడా తేలికే: పటం లోపలి రెండు బిందువులను కలిపే రేఖ ఎక్కడైనా పటం బయటకు వెళ్తే అది పుటాకారమే.

ఇంతవరకు నియమం మన చేతిలో ఉంది. రీజనింగ్ పరీక్షలలో అలా ఉండదు. గుంపులు ముందే తయారై ఉంటాయి, వాటి వెనుక దాగిన నియమాన్ని మనం పట్టుకోవాలి. తొమ్మిది పటాలిచ్చి మూడేసి చొప్పున మూడు గుంపులు చేయమనే ప్రశ్నను తీసుకుందాం. 1 నిలువుగీత రెండుగా చీల్చిన త్రిభుజం. 2 లోపల చుక్క ఉన్న చతురస్రం. 3 అదే విధంగా గీతతో చీలిన వృత్తం. 4 వెలుపలి అంచుకు చిన్న త్రిభుజం ఆనుకున్న త్రిభుజం. 5 లోపల చుక్క ఉన్న త్రిభుజం. 6 వెలుపల చిన్న వృత్తం ఆనుకున్న వృత్తం. 7 గీతతో చీలిన చతురస్రం. 8 వెలుపల చిన్న చతురస్రం ఆనుకున్న చతురస్రం. 9 చుక్క ఉన్న మరొక త్రిభుజం. కన్ను మొదట బయటి రూపం మీదికే వెళ్తుంది. లెక్కపెడితే త్రిభుజాలు నాలుగు, చతురస్రాలు మూడు, వృత్తాలు రెండు. మూడేసి కుదరవు కాబట్టి రూపం అనే ప్రశ్నను అక్కడితో వదిలేయాలి. చేర్చిన భాగం ఏం చేస్తోందని అడిగితే దారి తెరుచుకుంటుంది: చీల్చేవి 1, 3, 7, లోపల చుక్కగా ఉండేవి 2, 5, 9, తన చిన్న రూపాన్ని వెలుపల ఆనించుకున్నవి 4, 6, 8. ఏ ప్రశ్ననైనా ముందు లెక్కతో పరీక్షించి, సరిపోకపోతే జాలి లేకుండా వదిలేయడమే ఈ రకం ప్రశ్నలలో సమయాన్ని కాపాడుతుంది.

అలా వదిలేయడం అనుకున్నంత తేలిక కాదు. 1948లో మనస్తత్వవేత్తలు డేవిడ్ గ్రాంట్, ఎస్తా బెర్గ్ ప్రచురించిన విస్కాన్సిన్ కార్డుల పరీక్షలో కార్డులను రంగు, రూపం, సంఖ్యలలో ఏదో ఒకదానిని బట్టి జతచేయాలి. నియమాన్ని ఎవరూ చెప్పరు. పెట్టినది ఒప్పో తప్పో మాత్రమే చెబుతారు. వరుసగా కొన్ని ఒప్పులు వచ్చాక నియమాన్ని చెప్పకుండానే మార్చేస్తారు. తప్పని చెబుతున్నా పాత నియమాన్నే పట్టుకుని వేలాడడం ఆ పరీక్ష గమనించే ముఖ్యమైన అంశాలలో ఒకటి.

దాగిన నియమాన్ని వెతకడంలో సాధన కావాలంటే రష్యన్ శాస్త్రవేత్త మిహాయిల్ బొంగార్డ్ 1967లో ఇచ్చిన వంద చిక్కుప్రశ్నలను మించినవి నాకు కనిపించలేదు. ప్రతి ప్రశ్నలో ఎడమవైపు ఆరు పటాలు, కుడివైపు ఆరు పటాలు ఉంటాయి. ఎడమవాటన్నిటిలో ఉండి కుడివైపు ఒక్కదానిలోనూ లేని గుణమేదో చెప్పాలి. ఎడమవైపు ఆరింటికీ సరిపోయిందని సంతోషించేలోపే కుడివైపు మూలనున్న ఒక పటం ఆ నియమాన్ని కూల్చేస్తుంది. అందుకే మన సొంత వర్గీకరణలో కూడా గుంపు లోపలివాటిని చూశాక, బయట ఉన్నవాటిలో ఏదైనా పొరపాటున ఆ నియమానికి లోబడుతోందేమో వెతకాలి.

చివరి పరీక్షకు రెండవ మనిషి కావాలి. గుంపులను చూపకుండా, ప్రతి గుంపు నియమాన్ని ఒక్కో వాక్యంలో చీటీపై రాసి, ముక్కలన్నీ మళ్లీ కలిపివేసి, ఆ చీటీలతో పాటు వారికి ఇవ్వండి. వారు పెట్టిన గుంపులు మీ గుంపులతో ఎక్కడ తేడా పడ్డాయో, ఆ చీటీలోని వాక్యాన్ని తిరిగి రాయాలి.