ఫైటర్ చేప రంగు మారితే మందు పోయడానికి ముందు చూడవలసినవి

భీమవరం, పాలకొల్లు పరిసరాల్లో చెరువుల మీద బతికే ఇళ్ళలో పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత), అమ్మోనియా అనేవి రోజూ నోట నానే మాటలు. వనామీ రొయ్య రంగులో కాస్త తేడా కనిపించగానే సీసాలో నీళ్ళు పట్టుకుని ల్యాబుకు పరుగెత్తే రైతే, ఇంట్లో పిల్లల బల్ల మీదున్న గాజుతొట్టెలో ఫైటర్ చేప వెలిసిపోయినప్పుడు మాత్రం నీటి సంగతి మరిచిపోయి, అక్వేరియం దుకాణం నుంచి నీలం మందు తెచ్చి పోస్తాడు. ఆ మందు చాలాసార్లు అవసరమే ఉండదు, పైగా ఫిల్టరులో చేరి నీటిని శుభ్రం చేసే మేలైన బాక్టీరియాను అది దెబ్బతీస్తుంది. ఫైటర్ చేప, అంటే బెట్టా, రంగు మారడానికి కారణాలు ఎన్ని ఉన్నా, ఆ మార్పు నిమిషాల్లో వచ్చిందా, రోజుల్లో వచ్చిందా, నెలల్లో వచ్చిందా అని గమనిస్తే వాటిలో చాలావాటిని అక్కడే పక్కన పెట్టవచ్చు.

వేగాన్ని బట్టి కారణం ఎలా తెలుస్తుందో అర్థం కావాలంటే రంగు ఎక్కడ ఉంటుందో తెలియాలి. బెట్టా చర్మంలో నలుపు, ఎరుపు, పసుపు రంగుపదార్థాలను దాచుకునే కణాలు పొరలుపొరలుగా ఉంటాయి. నీలం, ఆకుపచ్చ మెరుపులు మాత్రం రంగుపదార్థం వల్ల వచ్చేవి కావు, గ్వానిన్ అనే పదార్థపు సన్నని పలకల మీద పడి వెనుదిరిగిన వెలుతురే మనకు అలా కనిపిస్తుంది. అందుకే కిటికీ పక్కన ముదురు నీలంగా ఉన్న చేప ట్యూబ్‌లైటు కింద పచ్చగా కనిపించినా అది మార్పు కిందికి రాదు. నల్లకణంలోని రేణువులు మధ్యకు ముడుచుకుంటే చేప పాలిపోతుంది, అంచుల దాకా పరుచుకుంటే ముదురుతుంది. నాడులు, హార్మోన్ల అదుపులో జరిగే ఈ కదలికకు కొద్ది నిమిషాలు చాలు. కణాలే కొత్తగా పుట్టాలన్నా, నశించాలన్నా వారాలు, నెలలు పడుతుంది.

కనుక నిమిషాల్లో వచ్చిన మార్పును చూసి కంగారు పడనవసరం లేదు. తెల్లవారుజామున లైటు వేసి చూస్తే చేప పాలిపోయి ఉండటం నిద్రలో ఉన్నందువల్లనే, అరగంటలో దాని రంగు దానికి తిరిగి వస్తుంది. దుకాణం నుంచి ప్లాస్టిక్ సంచిలో మోటారు సైకిలు మీద ఇంటికి చేరిన చేప రెండు మూడు రోజులు వెలిసినట్టుండటమూ సహజమే. తల నుంచి తోక దాకా ఒంటి పొడవునా చారలు తేలితే, ముఖ్యంగా ఆడచేపలో, పిల్లచేపలో, అది బెదురుకు గుర్తు. వీపు నుంచి పొట్ట వైపు దిగే నిలువు చారలు ఆడచేపలో కనిపిస్తే అది గుడ్లు పెట్టడానికి సిద్ధంగా ఉందని అర్థం. ఈ రెంటినీ కలగాపులగం చేసి, గుడ్ల మీదున్న చేపకు జబ్బని వైద్యం చేసినవారున్నారు. బెదిరిన చేపకు లైటు తగ్గించి, తొట్టె వెనుక ముదురు రంగు కాగితం అంటించి, ఎండి రాలిన బాదం ఆకు ఒకటి కడిగి నీటిలో వేస్తే సాధారణంగా సరిపోతుంది. బాదం చెట్టుకు గోదావరి ఊళ్ళలో కొదవ లేదు కాబట్టి ఆన్‌లైన్‌లో డబ్బు పోసి ఆకులు తెప్పించుకోనక్కరలేదు, పురుగుమందు పడని చెట్టు ఆకైతే చాలు.

ఒకటి నుంచి పది రోజుల్లో ఒళ్ళంతా క్రమంగా వెలిసిపోతూ, చేప రెక్కలు ముడుచుకుని మూలన చేరితే, మొదట అనుమానించవలసింది నీటినే. చేప విసర్జించిన అమ్మోనియాను ఒక రకం బాక్టీరియా నైట్రైటుగా, మరొక రకం నైట్రేటుగా మారుస్తాయి. కొత్త తొట్టెలో ఈ బాక్టీరియా కుదురుకోవడానికి నెల, నెలన్నర పడుతుంది. గోళీకాయంత గాజుబౌలులో, ఫిల్టరు లేకుండా, అవి కుదురుకునే అవకాశమే తక్కువ. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా ఉండాలి, నైట్రేటు 20 పీపీఎం (లీటరుకు 20 మిల్లీగ్రాములు) దాటకుండా చూసుకోవాలి. అమ్మోనియా తీవ్రత పీహెచ్ మీద ఆధారపడుతుందన్న సంగతి చెరువు రైతుకు కొత్త కాదు, పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే దానిలోని విషపు భాగం దాదాపు పదిరెట్లవుతుంది. పరీక్షకు కిట్టు లేకపోతే, రొయ్యల చెరువు నీళ్ళు చూసే ల్యాబులో గాజుతొట్టె నీళ్ళు కూడా చూపించుకోవచ్చు, ఇందులో నామోషీ ఏమీ లేదు. ఫలితం ఎలా ఉన్నా ఆ రోజే మూడోవంతు నీరు మార్చి, మర్నాడు మళ్ళీ అంతే మార్చడం మంచిది. నీరంతా ఒక్కసారి మార్చి, ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద తోమేస్తే ఉన్న బాక్టీరియా కాస్తా పోతుంది. ఆ స్పాంజిని తొట్టె నుంచి తీసిన పాత నీటిలోనే పిండాలి.

ఏ నీరు పోస్తున్నామన్నది డెల్టాలో ప్రత్యేకించి ఆలోచించవలసిన విషయం. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి వెడల్పు బకెట్టులో ఒక రోజు నిలవ ఉంచాలి, లేదా యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాలి. వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేసినప్పుడు, వరదల్లో ఎర్రనీరు వచ్చినప్పుడు కుళాయి నీటి గుణం మారుతుంది. ఆ వారాల్లో తక్కువ తక్కువగా, ఎక్కువసార్లు మార్చాలి. సముద్రం దగ్గరి లంక గ్రామాల్లో బోరు నీరు ఉప్పగా ఉండవచ్చు. ఇవన్నీ ఎందుకని ఇరవై లీటర్ల మినరల్ వాటర్ క్యాను తెప్పించి పోయడం నేను మొదటి చేపతో చేసిన పొరపాటు. ఆ క్యాన్లలో వచ్చే ఆర్వో యంత్రంతో వడకట్టిన నీటిలో ఖనిజాలు బాగా తగ్గిపోతాయి, పీహెచ్‌ను నిలకడగా పట్టి ఉంచే క్షారత కూడా ఉండదు. ఎర్రని చేప పది రోజుల్లో ఇటుకపొడి రంగుకు దిగింది. సగం కుళాయి నీరు, సగం క్యాను నీరు కలపడం మొదలుపెట్టాక మూడు వారాలకు గాని కోలుకోలేదు.

చలి కూడా రంగును దించుతుంది. బెట్టా థాయ్‌లాండ్ వరిచేలలో, నిలవనీటి బోదెల్లో పుట్టిన చేప. 2019లో ఆ దేశం దీన్ని తన జాతీయ జలచరంగా ప్రకటించింది. దానికి 25 నుంచి 28 డిగ్రీల నీరు హాయిగా ఉంటుంది. మన దగ్గర ఏడాదిలో ఎక్కువ కాలం ఆ వెచ్చదనం దానంతటదే ఉంటుంది కాని, సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున చిన్న తొట్టె నీరు బాగా చల్లబడి చేప బిగుసుకుపోతుంది. ఇరవై లీటర్ల తొట్టెకు 25 వాట్ల హీటరు సరిపోతుంది. వేసవిలో మాత్రం డాబా మీది ట్యాంకులో మరిగిన నీటిని తిన్నగా తెచ్చి పోయకూడదు. మూత పెట్టినప్పుడు నీటి పైన నాలుగు వేళ్ళ ఖాళీ ఉంచాలి, ఎందుకంటే బెట్టా కూడా మన కొర్రమీనులాగే పైకి వచ్చి గాలి పీలుస్తుంది.

ఒళ్ళంతా కాకుండా ఒకచోట మాత్రమే రంగు మారితే జబ్బును వెతకాలి. గదిలో దీపాలార్పి టార్చి వెలుగు పక్కనుంచి వేసినప్పుడు ఒంటి మీద బంగారపు పొడి చల్లినట్టు మెరిస్తే అది వెల్వెట్ జబ్బు. మొదట్లో దీన్ని అందమైన కొత్త మెరుపనుకుని మురిసిపోయేవారు తక్కువేమీ కాదు. ఆ పరాన్నజీవి వెలుతురుతో కూడా ఆహారం తయారు చేసుకుంటుంది కనుక తొట్టెకు నల్లగుడ్డ కప్పి, రాగి ఉన్న మందును సీసా మీది మోతాదు మించకుండా వాడాలి. అదే తొట్టెలో నత్తలు, చిన్న రొయ్యలు ఉంటే రాగి వాటిని చంపుతుంది కాబట్టి చేపను వేరు చేసి వైద్యం చేయాలి. ఒంటి మీద ఉప్పు రవ్వ చల్లినట్టు విడివిడి తెల్ల చుక్కలైతే అది వేరొక పరాన్నజీవి పని, దానికి వేరే మందు. రెక్కల అంచులు నల్లగానో ఎర్రగానో మారి చిరుగుతుంటే రెక్క కుళ్ళు, అది ప్రారంభంలో శుభ్రమైన నీటితోనే చాలావరకు తగ్గుతుంది. లీటరుకు గ్రాము లెక్కన అయోడిన్ కలపని కల్లుప్పు కరిగించి వారం రోజులు ఉంచవచ్చు. పొలుసులు నిక్కబొడుచుకుని పొట్ట ఉబ్బితే రంగు గురించి ఆలోచించే దశ దాటిపోయినట్టే.

నెలల మీద ఎరుపు, పసుపు పలచబడుతుంటే మేతను చూడాలి. ఆ రంగులకు కావలసిన కెరోటినాయిడ్లు అనే రంగుపదార్థాలను చేప తనంతట తాను తయారు చేసుకోలేదు, తిండి నుంచే తీసుకోవాలి. మూత తీసి ఆరు నెలలైన పెల్లెట్లలో అవి క్షీణించి ఉంటాయి. దోమ లార్వా మంచి మేతే కాని, డెంగీ భయమున్న ప్రాంతంలో పెరట్లో దానికోసం నీళ్ళు నిలవ ఉంచడం నేను సమ్మతించను, గడ్డకట్టించి అమ్మే బ్లడ్‌వార్ములు అనే ఎర్రని పురుగులను కొనుక్కోవచ్చు. మేత బాగున్నా, నీరు బాగున్నా రెండేళ్ళు దాటిన చేప మెల్లగా వెలిసిపోతుంటే అది వయసు.

ఇక మార్బుల్, కోయి అని పేరుపెట్టి అమ్మే మచ్చల బెట్టాల సంగతి వేరు. వీటిలో జన్యుపదార్థపు ముక్క ఒకటి ఒకచోటి నుంచి మరొకచోటికి గెంతుతూ కణాల్లో రంగును వెలిగిస్తూ, ఆర్పుతూ ఉంటుందని వివరిస్తారు. ఇలాంటి గెంతే జన్యువులను మొక్కజొన్న గింజల మచ్చల్లో కనిపెట్టినందుకే బార్బరా మెక్‌క్లింటాక్‌కు 1983లో నోబెల్ బహుమతి వచ్చింది. తెల్లగా కొన్న కోయి మూడు నెలల్లో నీలంగా మారితే దుకాణదారు మోసం చేయలేదు, చేపకు జబ్బూ చేయలేదు. ఈ రకం కొన్నవారు ప్రతి ఆదివారం అదే చోట, అదే వెలుతురులో ఒక ఫొటో తీసి ఉంచుకోవాలి. చేప చురుకుగా ఈదుతూ, పిలిచినట్టే మేతకు వస్తూ, ఫొటోల్లో మాత్రం మచ్చలు జరుగుతూ ఉంటే మందు సీసా మూత తీయనవసరం లేదు.