సర్కారు భరించే కాలేజీ ఫీజు: చెన్నైలోని తెలుగు కుటుంబాలు బేరీజు వేసుకోవలసిన తీరు

ప్రభుత్వమే ఫీజు భరిస్తుందన్న మాటలో రెండు వేర్వేరు ఏర్పాట్లు కలిసిపోయి ఉన్నాయి. ప్రభుత్వ కళాశాలలో ఫీజే స్వల్పంగా ఉండడం ఒకటి, ప్రైవేటు కళాశాల ఫీజును విద్యార్థి తరఫున ప్రభుత్వం చెల్లించడం మరొకటి. రెండింటి లాభనష్టాలు ఒకటి కావు కనుక, మీ ముందున్నది ఏదో మొదట తేల్చుకోవాలి.

తర్వాత అర్హత చూసుకోవాలి. ఆరో తరగతి నుంచి ప్లస్ టూ (పన్నెండో తరగతి) వరకు తమిళనాడు ప్రభుత్వ బడుల్లో చదివినవారికి 2020 నుంచి వైద్యవిద్యలోనూ, 2021 నుంచి ఇంజనీరింగ్, న్యాయం వంటి వృత్తి కోర్సుల్లోనూ 7.5 శాతం సీట్లు ప్రత్యేకంగా ఉన్నాయి. వారికి ట్యూషన్‌తో పాటు హాస్టల్ ఖర్చు కూడా ప్రభుత్వానిదే. పెరంబూరులోనో చూళైలోనో పిల్లలను కార్పొరేషన్ బడికి పంపే తెలుగు తల్లిదండ్రులకు ఇంతకంటే మేలైన పథకం లేదని నా అభిప్రాయం. ఇంట్లో మొదటి పట్టభద్రులకిచ్చే ట్యూషన్ రాయితీ కౌన్సెలింగ్ ద్వారా చేరినవారికే వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ కోటాలో డొనేషన్ కట్టి, ఆ తర్వాత మొదటి పట్టభద్రుల సర్టిఫికెట్ కోసం ఈ-సేవై కేంద్రానికి (తమిళనాడు ప్రభుత్వ ఆన్‌లైన్ సేవా కేంద్రం) పరుగెత్తితే ఫలితం ఉండదు. అక్క వాడుకున్న రాయితీ తమ్ముడికి రాదు. ఇటీవల ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చి, ఎనిమిదో తరగతి నుంచి ప్లస్ టూ దాకా ఇక్కడ చదవని పిల్లలైతే నేటివిటీ (స్థానికత) సర్టిఫికెట్ చూపాలి.

ప్రభుత్వం ప్రైవేటు కళాశాలకు చెల్లించే పద్ధతిలోని బలమూ బలహీనతా మన రాష్ట్రాల అనుభవంలోనే ఉన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ విస్తరించాక, అంతకుముందు ఇంట్లో ఎవరూ కాలేజీ గడప తొక్కని పిల్లలెందరో ఇంజనీర్లయ్యారు. ఆ సొమ్మునే నమ్ముకున్న కళాశాలలూ పుట్టుకొచ్చాయి. బకాయిలు పేరుకుపోయి 2025లో తెలంగాణ ప్రైవేటు కళాశాలలు బంద్‌కు దిగాయి. ప్రభుత్వం బాకీ పడితే చదువు పూర్తయిన విద్యార్థి సర్టిఫికెట్లు కళాశాల బీరువాలో చిక్కుకోవడం అక్కడ కొత్త కాదు.

అందుకే చేరకముందే కళాశాల ఫీజు పట్టికను తెప్పించుకుని ఒక్కో వరస చదవండి. ట్యూషన్ అందులో ఒక్క వరస మాత్రమే; బస్సు, పరీక్ష, ల్యాబ్, ప్లేస్‌మెంట్ శిక్షణ వంటివి విడిగా ఉంటాయి, రాయితీ సాధారణంగా వాటిని తాకదు. ప్రభుత్వ సొమ్ము ఆలస్యమైతే విద్యార్థిని కట్టమంటారా అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఇవ్వడానికి తటపటాయించే కళాశాలను అక్కడితో పక్కన పెట్టవచ్చు.

మార్కులు సరిపోతే గిండీ ఇంజనీరింగ్ కళాశాల, ప్రెసిడెన్సీ, క్వీన్ మేరీస్ వంటి ప్రభుత్వ సంస్థలకే నా ఓటు, ఎందుకంటే అక్కడ మీ ఫీజు మరొకరి ఖజానా నుంచి వచ్చేదాకా ఎదురుచూడనక్కరలేదు. అయితే కటాఫ్ ఎక్కువ, కోరుకున్న కోర్సు దక్కకపోవచ్చు, ఆర్ట్స్ కళాశాలల్లో పాఠాలు చాలావరకు గెస్ట్ లెక్చరర్ల మీద నడుస్తాయి. ప్రభుత్వ బడి నుంచి వచ్చిన అమ్మాయిలకు 2022 నుంచి పుదుమై పెణ్ పథకం కింద, అబ్బాయిలకు 2024 నుంచి తమిళ పుదల్వన్ పథకం కింద నెలకు 1,000 రూపాయలు వస్తాయి కాబట్టి, విద్యార్థి పేరిట బ్యాంకు ఖాతా ముందే తెరిపించాలి.

ఏ రాయితీకీ అర్హత లేకపోతే పీఎం విద్యాలక్ష్మి రుణం మిగులుతుంది: కుటుంబ ఆదాయం ఏటా 8 లక్షల లోపుంటే 10 లక్షల వరకు రుణంపై మారటోరియం (వాయిదాలు కట్టనక్కరలేని) కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ. ఇది ఎంపిక చేసిన విద్యాసంస్థలకే పరిమితం కనుక, మీ కళాశాల ఆ జాబితాలో ఉందో లేదో అడ్మిషన్ ఫీజు కట్టకముందే చూసుకోవాలి.