పదిసార్లు రాస్తే మాట వచ్చేస్తుందా?

నేను జర్మన్ నేర్పుతాను. కొత్తగా చేరినవాళ్ళ నోట్‌బుక్ తెరిస్తే ఒకే మాట పదేసి సార్లు వరసగా రాసి ఉంటుంది. రెండోసారి నుంచి పై లైను చూసి దించెయ్యడమే కాబట్టి బుర్రకు పనేమీ ఉండదు.

దాని బదులు చీటీలు చేసుకోండి. ఒకవైపు తెలుగు, వెనకవైపు జర్మన్. తెలుగు చూసి జర్మన్ మాట పైకి చెప్పాకే చీటీ తిప్పాలి. వెంటనే తట్టకపోతే కాసేపు తంటాలు పడండి, ఆ తంటాలే అసలు ప్రాక్టీస్. 2008లో కార్పికి, రోడిగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆఫ్రికా భాష స్వాహిలీ మాటలతో ఒక ప్రయోగం చేశారు. ఒకసారి వచ్చిన మాటను కూడా మళ్ళీ మళ్ళీ గుర్తు తెచ్చుకున్నవాళ్ళకు వారం తర్వాత దాదాపు 80 శాతం మాటలు గుర్తున్నాయి. వచ్చేసిందని పరీక్షించుకోవడం మానేసి చదువుతూ పోయినవాళ్ళకు మూడో వంతే మిగిలాయి.

చీటీలకు మూడు డబ్బాలు చాలు: రోజూ చూసేది, మూడు రోజులకోసారి చూసేది, వారానికోసారి చూసేది. సరిగ్గా చెబితే చీటీ తర్వాతి డబ్బాలోకి, తప్పితే మళ్ళీ మొదటి దాంట్లోకి. 1970ల్లో సెబాస్టియన్ లైట్నర్ అనే పాత్రికేయుడు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. నామవాచకాన్ని ఒంటరిగా రాయకండి. ‘టిష్’ (బల్ల) అని కాకుండా, పుంలింగమని చెప్పే ‘డెర్’ కలిపి ‘డెర్ టిష్’ అనే రాయండి. లింగం తర్వాత నేర్చుకుందాంలే అనుకున్నవాళ్ళు ఎంత అవస్థ పడతారో రోజూ చూస్తున్నాను.

వ్యాకరణానికి చీటీలు సరిపోవు. ఒక వాక్యం తీసుకుని ఒక్కో ముక్క మారుస్తూ గబగబా చెప్పాలి: ‘వైల్ ఇష్ క్రాంక్ బిన్’ (ఎందుకంటే నాకు ఒంట్లో బాగాలేదు), ‘వైల్ ఇష్ మ్యూడె బిన్’ (ఎందుకంటే నేను అలసిపోయాను), ‘వైల్ ఎయర్ మ్యూడె ఇస్ట్’ (ఎందుకంటే అతను అలసిపోయాడు). ‘వైల్’ వస్తే క్రియ (ఇక్కడ ‘బిన్’, ‘ఇస్ట్’) చివరికి వెళ్ళాలన్న రూల్ నేర్చుకునేవాళ్ళందరికీ తెలుసు, మాట్లాడేటప్పుడే ఎగిరిపోతుంది. ఆలోచించకుండా క్రియ చివర పడేదాకా ఇలా మారుస్తూనే ఉండండి.

ఇక మాట్లాడటం. తెలిసిన విషయం ఒకటి ఎంచుకుని నాలుగు నిమిషాలు చెప్పండి. అదే విషయం ఇంకొకరికి మూడు నిమిషాల్లో, మరొకరికి రెండు నిమిషాల్లో. టైమ్ తగ్గేకొద్దీ కాస్త టెన్షన్ ఉంటుంది, కానీ మాటలు వెతుక్కోవడం తగ్గుతుంది. వినేవాళ్ళు దొరక్కపోతే ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. మొదటి రికార్డింగ్ విని, తప్పుగా వచ్చిన వాక్యాలు రెండైనా సరిచేసుకున్నాకే మూడు నిమిషాలకు వెళ్ళండి. లేకపోతే ఆ తప్పులనే ఇంకో రెండుసార్లు ప్రాక్టీస్ చేసినట్టవుతుంది.