న్యూజెర్సీలో తొలి చలికాలం: గ్యాస్, కరెంటు బిల్లులకు సాయం దొరికే దారులు

మన ఊళ్లో కరెంటు బిల్లు భయపెట్టేది ఎండాకాలంలో. ఎడిసన్‌లోనో జెర్సీ సిటీలోనో కొత్తగా కాపురం పెట్టినవారికి ఆ భయం జనవరిలో తెలుస్తుంది. ఇక్కడ చాలా ఇళ్లలో వెచ్చదనం గ్యాస్‌తో వస్తుంది, ఆ గ్యాస్‌ను థర్ములనే వేడి కొలతల్లో లెక్కిస్తారు. కరెంటుకు మాత్రం మనకు అలవాటైన యూనిట్ల లెక్కే. గ్యాస్ ఖర్చు తగ్గుతుందని గదికొక చిన్న హీటరు కొనేవారు ముందుగా ఒక లెక్క వేసుకోవాలి: 1,500 వాట్ల హీటరు రోజుకు పది గంటలు నడిస్తే నెలకు 450 యూనిట్లు అవుతాయి.

తెలంగాణలో గృహజ్యోతి కింద అర్హులైనవారికి 200 యూనిట్ల వరకు బిల్లు సున్నాగానే వస్తుంది. ఇక్కడ సాయం కావాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి. అందులో ప్రధానమైనది, తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు ఇంటి వేడి ఖర్చులో సాయపడే, 1981 నుంచి ఉన్న లైహీప్ (LIHEAP) అనే పథకం. డబ్బు కేంద్ర ప్రభుత్వానిది, పంపిణీ రాష్ట్రానిది. న్యూజెర్సీలో అదే దరఖాస్తుతో, ఆదాయంతో పోలిస్తే గ్యాస్, కరెంటు ఖర్చు ఎక్కువగా ఉన్న కుటుంబాలకు నెలనెలా బిల్లులో కొంత తగ్గించే యూనివర్సల్ సర్వీస్ ఫండ్‌కూ అర్హత చూస్తారు. లైహీప్ డబ్బు సాధారణంగా నేరుగా గ్యాస్ లేదా కరెంటు కంపెనీ ఖాతాకే చేరుతుంది. వేడి ఖర్చు అద్దెలోనే కలిసి ఉన్నా దరఖాస్తు చేసుకోవచ్చన్నది మనవాళ్లలో చాలామందికి తెలియదు. గుర్తింపు పత్రాలు, సోషల్ సెక్యూరిటీ కార్డులు, పెద్దలందరి ఆదాయ రుజువులు, లీజు, తాజా బిల్లులు సిద్ధం చేసుకుని 211కు ఫోన్ చేస్తే మీ కౌంటీలో దరఖాస్తు తీసుకునే సంస్థ ఏదో చెబుతారు. కేటాయించిన నిధి పరిమితం కనుక అక్టోబరులోనే దరఖాస్తు పెట్టడం మేలు.

వీసా సంగతి ఇక్కడ స్పష్టంగా చెప్పుకోవాలి. గ్రీన్ కార్డు ఉన్నవారు, శరణార్థులు లైహీప్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. హెచ్-1బి, ఎఫ్-1 వీసాలపై ఉన్నవారికి ఆ అర్హత లేదు. అయితే ఇక్కడే పుట్టి పౌరసత్వం ఉన్న బిడ్డ ఇంట్లో ఉంటే, ఆ బిడ్డ తరఫున వీలుంటుందేమో దరఖాస్తు తీసుకునే సంస్థనే అడగాలి. గ్రీన్ కార్డుపై వచ్చి కొడుకు ఇంట్లో ఉంటున్న తల్లిదండ్రులకు సొంత రాబడి ఏమీ లేకపోయినా, ఇంట్లో అందరి ఆదాయాన్నీ కలిపి చూస్తారు కాబట్టి కొడుకు జీతమే వారి అర్హతకు అడ్డం కావచ్చు. ఇమ్మిగ్రేషన్ దరఖాస్తు నడుస్తున్నవారు ఏ ప్రభుత్వ సాయమైనా తీసుకునే ముందు న్యాయవాదిని సంప్రదించాలి; ఈ విషయంలో పక్కింటివారి మాట ప్రమాణం కాదు.

అర్హత లేనివారికి దారులన్నీ మూసుకుపోయినట్టు కాదు. ఏడాది వాడకాన్ని సగటు చేసి ప్రతి నెలా దాదాపు ఒకే మొత్తం కట్టించుకునే పద్ధతిని, పేరుకుపోయిన బాకీని వాయిదాల్లో తీర్చే ఒప్పందాన్ని కంపెనీని అడగడానికి వీసాతో పని లేదు. ఉద్యోగం పోయిందనో ఆసుపత్రి ఖర్చు మీద పడిందనో చెప్పుకోవడం నామోషీ అనుకుని, నోటీసు వచ్చేదాకా ఊరుకునేవారు మనలో ఎక్కువ. నిజానికి ఆ మాట చెబితేనే రక్షణ దొరుకుతుంది: నవంబరు 15 నుంచి మార్చి 15 వరకు, లైహీప్ వంటి సాయం పొందుతున్నవారికే కాక, తమ చేతిలో లేని కారణాలతో బిల్లు కట్టలేకపోతున్నవారికి కూడా న్యూజెర్సీలో గ్యాస్, కరెంటు ఆపకూడదన్న నియమం ఉంది. ఇది బాకీ మాఫీ కాదు. ఆ నెలల్లో వీలైనంత కడుతూ ఉండకపోతే మార్చి 16 నాటికి మొత్తం బాకీ ఒక్కసారిగా మీద పడుతుంది.

ఇంట్లో థర్మోస్టాట్‌ను పగలు 68 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంచి, రాత్రి దుప్పటి కప్పుకునే వేళకు ఇంకొంత తగ్గిస్తే వాడకం తగ్గుతుంది. పసిపిల్లలు, వృద్ధులు ఉన్న ఇంట్లో మాత్రం ఈ పొదుపు హద్దు మీరకూడదు.

తలుపు తట్టి, బిల్లు చూపిస్తే తక్కువ ధరకు కరెంటు ఇప్పిస్తామనే వారికి ఖాతా సంఖ్య చెప్పకండి. మీకు తెలియకుండానే సరఫరాదారు మారిపోయి, తొలి నెలల చౌక ధర ముగిశాక బిల్లు పెరిగే ప్రమాదం ఉంది. అరగంటలో కరెంటు తీసేస్తామని బెదిరించి గిఫ్ట్ కార్డులతో డబ్బు కట్టమనే ఫోన్లు మోసమే. అలాంటి ఫోను పెట్టేసి, బిల్లుపై ముద్రించిన నంబరుకు మీరే చేసి కనుక్కోండి.