ల్యాప్‌టాప్ బ్యాక్‌లైట్ పోయిందా? ప్యానెల్ కొనే ముందు ఫ్యూజ్ చూడండి

ల్యాప్‌టాప్ ఆన్ అవుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, క్యాప్స్‌లాక్ లైటు వెలుగుతుంది. తెర మాత్రం నల్లగా ఉంటుంది. అలాంటప్పుడు గదిలో లైట్లు ఆపి, ఫోన్ టార్చిని తెర దగ్గరగా ఏటవాలుగా పట్టుకుని మెల్లగా జరపండి. లాగిన్ పేజీలోని గడియారం అంకెలో, ఐకాన్లో బూడిదరంగు నీడల్లా కనిపిస్తే బొమ్మ తెర ప్యానెల్ దాకా వస్తోందన్నమాట, దాన్ని వెనక నుంచి వెలిగించే బ్యాక్‌లైటే లేదు. టార్చి వేసినా ఏమీ కనబడకపోతే ర్యామ్, డిస్‌ప్లే కేబుల్, గ్రాఫిక్స్ వైపు వెతకాలి. కింద చెప్పేదంతా నీడ కనిపించిన మెషీన్ల గురించే.

విప్పే ముందు బ్రైట్‌నెస్ కీతో వెలుగు పూర్తిగా పెంచి చూడండి. మూత మూశామని మెషీన్‌కు చెప్పేది అయస్కాంతమే కాబట్టి, అయస్కాంతపు కొక్కెం ఉన్న వాచీ పట్టీ లాంటివి కీబోర్డు దగ్గర లేకుండా చూసుకోండి. తర్వాత మూతను నెమ్మదిగా ముందుకీ వెనక్కీ వంచండి. ఏదో ఒక కోణంలో వెలుగు వచ్చి పోతుంటే హింజ్ (మూత బందు) దగ్గర కేబుల్ నలిగింది. 2016 నాటి 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోల్లో ఈ తరహా ఇబ్బంది ఎంత ఎక్కువైందంటే, 2019 మేలో యాపిల్ వాటి బ్యాక్‌లైట్‌కు ఉచిత రిపేరు ప్రకటించింది. డెల్ వాడేవాళ్లకు ఒక సౌకర్యం ఉంది: డి కీ నొక్కి పట్టుకుని పవర్ బటన్ నొక్కితే తెర తనను తాను పరీక్షించుకుంటూ రంగులు చూపిస్తుంది.

ఇక విప్పడం. ఛార్జర్ తీసి, అడుగు మూత తెరిచి, ముందుగా బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. పవర్ బటన్‌ను 20 సెకన్లు నొక్కి ఉంచండి. బ్యాటరీ ఊడదీయకపోతే రిపేరు చేస్తుండగానే బోర్డు పాడవొచ్చు. మదర్‌బోర్డు నుంచి తెరకు వెళ్లే 30 పిన్నుల డిస్‌ప్లే కేబుల్ (ఈడీపీ)లో 26 నుంచి 29 దాకా ఉన్న పిన్నుల్లో బ్యాక్‌లైట్ కరెంటు నడుస్తుంది, ఛార్జర్ పెట్టి ఉంటే అది 19 వోల్టుల దాకా ఉండొచ్చు. 12, 13 పిన్నుల్లో ఉండేది 3.3 వోల్టులే. బ్యాటరీ ఉండగా కేబుల్ వంకరగా దిగితే ఫ్యూజ్ పోతుంది, ఒక్కోసారి ప్యానెల్ కూడా పోతుంది.

ఫ్యూజ్ మదర్‌బోర్డు మీద డిస్‌ప్లే కనెక్టర్ పక్కనే ఉంటుంది. నువ్వుగింజ కన్నా చిన్నది, పక్కన సాధారణంగా ఎఫ్ అక్షరంతో మొదలయ్యే గుర్తు ఉంటుంది. మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టి రెండు కొసలూ తాకించండి. బీప్ రాకపోతే ఫ్యూజ్ పోయినట్టే. వెంటనే మార్చేయకండి, అది ఎందుకు పోయిందో ముందు తేలాలి. ఓమ్స్‌లో పెట్టి ఫ్యూజ్ కనెక్టర్ వైపు కొస నుంచి గ్రౌండ్‌కు కొలవండి. దాదాపు సున్నా చూపిస్తే షార్ట్ ఉంది. డిస్‌ప్లే కేబుల్ పీకి మళ్లీ కొలవండి. షార్ట్ పోతే తప్పు కేబుల్‌లోనో ప్యానెల్‌లోనో ఉంది, పోకపోతే బోర్డు మీద, ఎక్కువగా ఆ లైనులోని సిరామిక్ కెపాసిటర్‌లో. షార్ట్ తీసేశాకే, అదే ఆంపియర్ రేటింగ్ ఉన్న ఫ్యూజ్ వేయండి. ఫ్యూజ్ స్థానంలో తీగముక్క అతికిస్తే, తర్వాతి షార్ట్‌కు ఫ్యూజ్‌కు బదులు బోర్డు ట్రాకే కాలుతుంది.

ఫ్యూజ్ బాగుంటే కేబుల్ రెండు కొసలూ ఊడదీసి, ఒక్కో తీగకు బీప్ చూస్తూ హింజ్ దగ్గర వంచండి. అదీ బాగుంటే అన్నీ బిగించి, చివరగా బ్యాటరీ పెట్టి ఆన్ చేసి, 22వ పిన్ను లైనులో 3.3 వోల్టులు వస్తున్నాయేమో చూడండి. ప్యానెల్‌కు వెలుగు ఆన్ చెయ్యమని చెప్పే సంకేతం అదే. పిన్నుల మధ్య దూరం అర మిల్లీమీటరే, ప్రోబ్ జారితే ఇంకో షార్ట్. అందుకని పిన్నును కాకుండా ఆ లైనులో కొలవడానికి బోర్డు మీద ఉండే లోహపు చుక్కను (టెస్ట్ పాయింట్) తాకండి. కరెంటూ సంకేతమూ రెండూ ఉండి చీకటిగానే ఉంటే ప్యానెల్ పోయింది. కరెంటు ఉండి సంకేతం లేకపోతే అది బోర్డు మీది చిప్‌లు రిపేరు చేసేవాళ్ల పని. వెలుగు వచ్చినా తగ్గించడం, పెంచడం కుదరకపోతే 23వ పిన్ను లైను చూడాలి.

ప్యానెల్ లోపలి ఎల్‌ఈడీ పట్టీ మార్చుకోవచ్చని చెబుతుంటారు. పొరలు విప్పితే దుమ్ము చేరుతుంది, అద్దం పగులుతుంది. ప్యానెల్ మార్చడమే మేలు. వెనక స్టిక్కర్ మీది మోడల్ నంబరు చూసుకోండి. అదే దొరక్కపోతే సైజు, రిజల్యూషన్, పిన్నుల సంఖ్య, కనెక్టర్ ఉన్న చోటు, స్క్రూ చెవులు, టచ్ ఇవన్నీ కలవాలి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోటికి వెళ్తే పాత ప్యానెల్ వెంట తీసుకెళ్లి, కొత్తదాన్ని మీ ఎదుటే వెలిగించమనండి.

2010కి ముందు మెషీన్లలో ఎల్‌ఈడీకి బదులు సన్నని ట్యూబ్‌లైటూ, దానికి ఎక్కువ వోల్టేజీ ఇచ్చే ఇన్వర్టరూ ఉండొచ్చు. అక్కడ వందల వోల్టులుంటాయి, ఆన్‌లో ఉండగా తాకొద్దు.

కొత్త ప్యానెల్ బిగించేటప్పుడు మళ్లీ బ్యాటరీ తీసే ఉంచండి. కనెక్టర్‌ను రెండు వైపులా సమానంగా నొక్కి, టేపు అంటించి, వెలుగు వచ్చిందని చూశాకే ముందు ఫ్రేమ్ బిగించండి.